టీమ్‌కి రెండు రోజుల ట్రైనింగ్ అంటున్నారు, ఏది ఎంచుకుంటే నిజంగా పనికొస్తుంది?

కొత్త_లీడ్

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో ఎక్కువమందికి రెండు మూడేళ్ల అనుభవం, ఇద్దరు మాత్రం బాగా సీనియర్లు. ఈసారి టీమ్ మొత్తాన్ని కలిపి రెండు రోజుల ట్రైనింగ్‌కి పంపిస్తామన్నారు, ఏది కావాలో తేల్చి చెప్పే బాధ్యత నా మీద పెట్టారు. ఇప్పటిదాకా మాకు జరిగినవి దాదాపు అన్నీ స్లైడ్లు చూపించి చెప్పే రకమే. వింటున్నంతసేపూ బాగానే ఉంటుంది, తిరిగొచ్చి సీట్లో కూర్చుంటే మళ్లీ అదే కోడ్, అవే ప్రింట్ స్టేట్‌మెంట్లు, రిలీజ్ ముందు రోజు అదే టెన్షన్. ఈసారి అవకాశం అలా చేజారకూడదని నా తాపత్రయం.

నా ముందున్నవి మూడు. కొత్త ఫ్రేమ్‌వర్క్ మీద కోర్సు, ఏదైనా కాన్ఫరెన్స్‌కి అందరం కలిసి వెళ్లడం, లేదంటే ఏఐ అసిస్టెంట్లతో కోడ్ రాయించడం మీద వర్క్‌షాప్. ఇవి కాక వేరే దారులుంటే చెప్పండి. రోజూ వాడే టూల్స్‌లో మీకు నిజంగా పనికొచ్చినవి ఏవో కూడా చెబితే సంతోషం.

పాతకోడ్_ప్రేమి

ఏ కోర్సు అనేది తర్వాత. ముందు మీ టీమ్ టైమ్ ఎక్కడ పోతోందో చూడండి. పోయిన నెల టికెట్లు తెరిచి, అనుకున్నదానికంటే బాగా లాగినవి పక్కన పెట్టి, ఒక్కొక్కటీ ఎందుకు లాగిందో రాసుకోండి. కొత్త ఫ్రేమ్‌వర్క్ రాకపోవడం వల్ల లేటయినవి అందులో ఎన్ని తేలతాయి? నేను పనిచేసిన చోటల్లా టైమ్ తినేసినవి రెండే: ఎప్పుడో ఎవరో రాసిన కోడ్‌ని అర్థం చేసుకోవడం, బగ్ ఎక్కడుందో వెతకడం. ఈ రెండింటి మీదా ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

ఫ్రేమ్‌వర్క్ కోర్సే వద్దని కాదు. వచ్చే వారం దాంతో ప్రాజెక్ట్ మొదలవుతుందంటే కళ్లు మూసుకుని వెళ్లండి. ఆరు నెలల తర్వాత ఎప్పుడో అంటే మాత్రం వద్దు. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు అర్థం లేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, మర్చిపోవడం ఎలా జరుగుతుందో తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. తిరగేయనిదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే పోతుంది. వాడని ఏపీఐ పేర్లు (లైబ్రరీలో మనం పిలిచే ఫంక్షన్ల పేర్లు) కూడా మన బుర్రకి అర్థం లేని అక్షరాల గుంపులే కదండీ.

ట్రైనర్‌తో మాట్లాడేటప్పుడు సిలబస్ పక్కన పెట్టి, రోజులో మా వాళ్ల చేతులు కీబోర్డ్ మీద ఎంతసేపు ఉంటాయని అడగండి. సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అని 1998 నుంచి నడుస్తున్న ప్రయత్నం ఒకటుంది, శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పడం వాళ్ల పని. అక్కడ నేర్పేవాళ్లు అందరి ముందూ లైవ్‌గా టైప్ చేస్తారు, నేర్చుకునేవాళ్లు వాళ్లతో పాటే టైప్ చేస్తారు. ఒక్కొక్కరికీ రెండు రంగుల స్టిక్కీ నోట్లు ఇస్తారు. పని అయిపోతే ఒక రంగుది ల్యాప్‌టాప్ మూతకి అంటిస్తారు, ఇరుక్కుపోతే రెండో రంగుది. చెయ్యెత్తి అడగడానికి మొహమాటపడేవాళ్లకి ఇది ఎంత మేలో చెప్పలేను. నేర్పేవాళ్లు ఒకసారి గదంతా కలయజూస్తే చాలు, ముందుకెళ్లాలో ఆగాలో తెలిసిపోతుంది. ఇంకోటి, లైవ్‌గా టైప్ చేస్తుంటే ఎర్రర్లు వస్తాయి. అవి చదివి ఎలా సరిచేస్తారో అందరూ చూస్తారు. స్లైడ్‌లో ఎప్పుడూ ఎర్రర్ రాదు, అందుకే స్లైడ్ చూసి డీబగ్గింగ్ రాదు.

టెస్ట్_ముందు

పాతకోడ్ గారి మాటకి నూటికి నూరు శాతం మద్దతు. రెండు రోజుల్లో ఒక రోజు కోడ్ రిట్రీట్ పెట్టుకోండని నా సలహా. చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇది 2009లో మొదలైంది. రోజంతా ఒకటే లెక్క: జాన్ కాన్వే గేమ్ ఆఫ్ లైఫ్. 1970లో జనానికి పరిచయమైన ఈ ఆటకి రూల్స్ చాలా చిన్నవి. గళ్ల పలక మీద ప్రతి గడీ బతికి ఉంటుంది లేదా చచ్చి ఉంటుంది, చుట్టూ ఎనిమిది పొరుగు గళ్లు. బతికున్న గడికి బతికున్న పొరుగులు రెండో మూడో ఉంటే తర్వాతి తరంలోనూ బతుకుతుంది, లేకపోతే పోతుంది. చచ్చిన గడికి సరిగ్గా మూడు బతికున్న పొరుగులుంటే ప్రాణం పోసుకుంటుంది. అంతే.

ఇద్దరిద్దరు జంటగా కూర్చుని, టెస్ట్ ముందు రాసి, 45 నిమిషాలు కోడ్ చేస్తారు. టైమ్ అవగానే కోడ్ మొత్తం డిలీట్. అందరూ కలిసి కాసేపు మాట్లాడుకుంటారు, జంటలు మారతాయి, మళ్లీ మొదటి నుంచి. ఒక్కో విడతకి ఒక్కో షరతు పెడతారు. ఒకసారి ఇఫ్ వాడకూడదు, ఒకసారి మెథడ్ నాలుగు లైన్లు దాటకూడదు, ఒకసారి జంట నోరు తెరిచి మాట్లాడకూడదు, చెప్పాల్సిందంతా టెస్టుల్లోనూ కోడ్‌లోనూ చెప్పుకోవాలి.

ఏం జరుగుతుందో చూడండి. మొదటి విడతలో ఎక్కువమంది రెండు డైమెన్షన్ల అర్రే తీసుకుంటారు. పది నిమిషాల్లో అంచుల దగ్గర ఇరుక్కుంటారు: మూలనున్న గడికి పొరుగులు మూడే, పక్క అంచున ఐదే, ఇండెక్స్ బయటికి పోతుంది, ఇఫ్ మీద ఇఫ్ పడుతుంది. రెండో మూడో విడతలో ఎవరో ఒకరికి తడుతుంది, అసలు పలక ఎందుకు? బతికున్న గళ్ల కోఆర్డినేట్లు మాత్రం ఒక సెట్‌లో పెట్టుకుంటే చాలుగా! అప్పుడు అంచులే లేవు, పలకకి సైజే లేదు, కోడ్ సగానికి సగం తగ్గుతుంది. ఈ మాట నేను ఇక్కడ చెబితే ఒక సమాచారం, అంతవరకే. అంచులతో కుస్తీ పట్టి, ఆ కోడ్ డిలీట్ చేసి, పక్కవాళ్ల దగ్గర సెట్ చూసినవాళ్లకి మాత్రం డేటా స్ట్రక్చర్ సరిగ్గా ఎంచుకుంటే ఇఫ్‌లు వాటంతటవే పోతాయన్నది జన్మలో మర్చిపోలేని విషయం అవుతుంది.

సున్నా_నుంచి

టెస్ట్ ముందు గారూ, నాకో సందేహం. రాసిందంతా డిలీట్ చేయడం ఎందుకండీ? కనీసం పక్కన దాచుకుంటే తర్వాత చూసుకోవచ్చు కదా. ఇంకోటి, నేను ఈ ఫీల్డ్‌కి కొత్త. సీనియర్ పక్కన కూర్చుంటే ఆయనే టకటకా టైప్ చేసుకుపోతారు, నేను చూస్తూ కూర్చోవడమే అవుతుంది. జంటగా కోడ్ చేయడం మాలాంటి వాళ్లకి ఎలా ఉపయోగం?

టెస్ట్_ముందు

మంచి ప్రశ్నలు. డిలీట్ గురించి ముందు. దాచుకునే వీలుంటే పూర్తి చేయాలన్న ఆత్రం మొదలవుతుంది. పూర్తి చేయాలన్న ఆత్రం ఉంటే తెలిసిన దారినే వెళ్తాం. పూర్తయ్యేది కాదని ముందే తెలిస్తే కొత్త దారి పట్టడానికి భయం ఉండదు. 45 నిమిషాల్లో అయిపోవాలని ఎవరూ ఆశించరు, చాలా జంటలకి అవదు కూడా. ఆఫీసులో మనకి రోజూ దొరకని స్వేచ్ఛ అదొక్కటే, అది దాచుకున్న ఫైల్ కంటే చాలా ఎక్కువ.

మీ రెండో ప్రశ్నకి ఒక పద్ధతి ఉంది, స్ట్రాంగ్ స్టైల్ పెయిరింగ్ అంటారు, లెవెలిన్ ఫాల్కో అనే ప్రోగ్రామర్ ప్రచారంలోకి తెచ్చారు. రూల్ ఒకటే: ఎవరి బుర్రలో ఐడియా ఉందో వాళ్లు టైప్ చేయకూడదు, అవతలివాళ్ల చేతుల మీదుగానే అది కంప్యూటర్‌లోకి వెళ్లాలి. అంటే సీనియర్‌కి ఐడియా వస్తే కీబోర్డ్ మీకిచ్చి మాటల్లో చెప్పాలి. మీకు అర్థం కాకపోతే ఆయన మళ్లీ చెప్పాలి. ఆయనకి వాటంగా చేతులతో వచ్చేసే విషయాలు, ఉదాహరణకి ఎడిటర్ షార్ట్‌కట్లు, ముందు ఏ ఫైల్ తెరవాలి, టెస్ట్‌కి ఏ పేరు పెట్టాలి, ఇవన్నీ నోటితో చెప్పక తప్పదు. మీకు దొరికే అసలు పాఠం అక్కడుంది. మొదటి గంట ఇద్దరికీ విసుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

టెర్మినల్_వాసి

కోడ్ రిట్రీట్ మంచిదే, నాకూ ఇష్టమే, కానీ కొత్త_లీడ్ గారు మొదటి పోస్ట్‌లోనే ప్రింట్ స్టేట్‌మెంట్లతో డీబగ్ చేస్తున్నామని రాశారు. ఆ టీమ్‌కి ముందు కావాల్సింది టూల్స్. ఒక రోజంతా, బయటి ఉదాహరణలు లేకుండా, మీ సొంత రెపో (మీ కోడ్ అంతా ఉండే చోటు) మీద, డీబగ్గర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూపించే టూల్) సగం రోజు, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) సగం రోజు. బయటి ట్రైనర్ దొరక్కపోతే మీ ఇద్దరు సీనియర్లే నడపవచ్చు.

డీబగ్గర్ అనగానే బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోట గుర్తు) పెట్టి ఒక్కో లైను నొక్కుకుంటూ పోవడం అనుకుంటారు చాలామంది, అందుకే అది నెమ్మది అని వదిలేస్తారు. కండిషనల్ బ్రేక్‌పాయింట్ నేర్పండి. లక్ష రికార్డుల లూప్‌లో మొత్తం సున్నా కంటే తక్కువైనప్పుడు మాత్రమే ఆగమని చెప్పొచ్చు. లాగ్‌పాయింట్ నేర్పండి, కోడ్ మార్చకుండానే విలువ ప్రింట్ చేస్తుంది, తర్వాత తీసేయడం మర్చిపోయి ప్రొడక్షన్‌కి పంపే ప్రమాదం లేదు. ఎక్సెప్షన్ లేచిన క్షణంలో ఆగే సెట్టింగ్ చూపించండి. కాల్ స్టాక్‌లో, అంటే ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో చూపే వరసలో, పై ఫ్రేమ్‌కి వెళ్లి అక్కడి వేరియబుల్స్ చూడటం చూపించండి. వీఎస్ కోడ్‌లోనూ జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలోనూ ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నాయి.

గిట్‌లో నాకు ప్రాణం లాంటిది బైసెక్ట్. పోయిన నెల బాగున్నది ఇప్పుడు పాడైంది, మధ్యలో వెయ్యి కమిట్లు (సేవ్ చేసిన మార్పులు) ఉన్నాయి అనుకోండి. బాగున్న కమిట్ ఒకటి, పాడైన కమిట్ ఒకటి చెబితే సరిగ్గా మధ్యలోకి తీసుకెళ్తుంది. అక్కడ బాగుందా లేదా చెప్పండి, మళ్లీ మధ్యకి. వెయ్యి కమిట్లకి సుమారు పది మెట్లు, అంతే. ఇంకా మేలు, బైసెక్ట్ రన్ అని ఒక స్క్రిప్ట్ అప్పగించేయొచ్చు. స్క్రిప్ట్ ముగిసేటప్పుడు ఎగ్జిట్ కోడ్‌గా 0 ఇస్తే బాగుందని, 1 ఇస్తే పాడైందని అర్థం. ఆ కమిట్ అసలు బిల్డే అవకపోతే 125 ఇవ్వండి, దాన్ని వదిలేసి పక్కది చూస్తుంది. ఈ 125 సంగతి తెలియక చాలామంది బైసెక్ట్ తప్పు కమిట్ చూపించిందని దాన్ని పక్కన పడేస్తారు.

రెఫ్‌లాగ్ కూడా అందరికీ చూపించాలి. రీబేస్‌లో (కమిట్లని వేరే చోట తిరిగి పేర్చడంలో) కమిట్లు పోయాయని ఏడ్చేవాళ్లు ప్రతి టీమ్‌లో ఉంటారు. బ్రాంచ్ ఎక్కడెక్కడ తిరిగిందో లోకల్‌గా గిట్ రాసిపెట్టుకుంటుంది. సెట్టింగులు మార్చకపోతే ఏ బ్రాంచ్‌కీ అందని కమిట్ల ఎంట్రీలు కూడా 30 రోజులు ఉంటాయి. కమిట్ చేసింది అంత తేలిగ్గా పోదని తెలిస్తే రీబేస్ అంటే భయం పోతుంది. కమిట్ చేయని మార్పులకి మాత్రం ఈ రక్షణ లేదు, అది కూడా చెప్పండి.

కొత్త_లీడ్

టెర్మినల్_వాసి గారూ, బైసెక్ట్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా దగ్గర ఒక టెస్ట్ ఉంది, మా అందరి మెషీన్లలో ఎప్పుడూ పాసే, సీఐలో (కోడ్ పంపినప్పుడల్లా టెస్టులు నడిపే సర్వర్‌లో) మాత్రం అప్పుడప్పుడు ఫెయిల్. రీరన్ కొడితే ఒక్కోసారి పాస్, ఒక్కోసారి మళ్లీ ఫెయిల్. టెస్ట్ చేసే పని చిన్నదే: ఇవాళ్టి తేదీతో ఒక ఆర్డర్ పెట్టి, ఇవాళ్టి రిపోర్ట్‌లో అది కనిపిస్తోందా అని చూస్తుంది. సీఐలో బైసెక్ట్ నడిపితే నడిపిన ప్రతిసారీ వేరే కమిట్ చూపిస్తోంది. దీనికేదైనా దారి ఉందా?

టెర్మినల్_వాసి

ఇలాంటి టెస్ట్‌కి బైసెక్ట్ పనిచేయదండీ. మనం చెప్పిన ప్రతి జవాబునీ అది నమ్ముతుంది. ఒక్కసారి అదృష్టవశాత్తు పాసైందంటే తప్పు సగంలోకి వెళ్లిపోయి, ఇక అక్కడే వెతుకుతుంది.

కోడ్ వదిలేసి ఫెయిలైన టైమ్‌లు చూడండి. సీఐ హిస్టరీలోంచి ఫెయిలైన ప్రతి రన్ ఏ గంటకి జరిగిందో యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయంలో) రాసుకోండి. అవన్నీ రోజులో ఒకే గంటల మధ్య పడుతున్నాయా? ఆ గంటలకి ఒక అంచు సరిగ్గా యూటీసీ అర్ధరాత్రేనా? ఈ రెండూ అవునంటే మిగతాది నేను చెప్పగలను.

కొత్త_లీడ్

ఇప్పుడే చూశాను. మీరన్నట్టే ఉంది! అన్నీ యూటీసీ అర్ధరాత్రికి ముందు గంటల్లోనే పడ్డాయి, అర్ధరాత్రి దాటాక ఒక్కటీ లేదు. వేరే టైమ్‌లో ఒక్క ఫెయిల్యూర్ కూడా లేదు.

టెర్మినల్_వాసి

అయితే ఇదీ సంగతి. రిపోర్ట్ కోడ్‌లో ఎక్కడో మీ వ్యాపారం నడిచే టైమ్ జోన్ సెట్ చేసి ఉంటుంది, "ఇవాళ" అంటే దాని ప్రకారం. టెస్ట్ మాత్రం మెషీన్‌ని ఇవాళ ఏ తేదీ అని అడుగుతోంది. మీ ల్యాప్‌టాప్‌లన్నీ అదే టైమ్ జోన్‌లో ఉన్నాయి, కాబట్టి రెండు "ఇవాళ"లూ ఎప్పుడూ ఒకటే. సీఐ మెషీన్ యూటీసీలో ఉంది. మీ టైమ్ జోన్ యూటీసీ కంటే ఎంత ముందుంటే అన్ని గంటల పాటు మీ దగ్గర రేపు అయిపోతుంది, సీఐకి ఇంకా ఇవాళే. ఆ గంటల్లో రన్ అయితే ఫెయిల్, లేకపోతే పాస్.

రుజువు కోసం ల్యాప్‌టాప్‌లో టైమ్ జోన్ చెప్పే టీజెడ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ యూటీసీ అని పెట్టి, లిబ్‌ఫేక్‌టైమ్ లాంటి దాంతో గడియారాన్ని ఆ గంటల్లోకి తిప్పి టెస్ట్ నడపండి. ప్రతిసారీ ఫెయిలవ్వాలి. ప్రతిసారీ ఫెయిలయ్యేలా చేయగలిగితే బగ్ సగం చచ్చినట్టే.

సీఐ మెషీన్ టైమ్ జోన్ మార్చేసి చేతులు దులుపుకోకండి, రేపు ఇంకో సర్వర్ మీద ఇదే తిరిగొస్తుంది. కోడ్ లోపల ఎక్కడపడితే అక్కడ "ఇప్పుడు టైమెంత" అని సిస్టమ్‌ని అడగడం మానేసి, గడియారాన్ని బయటి నుంచి పారామీటర్‌గా ఇవ్వండి. జావాలో 8వ వెర్షన్ నుంచి క్లాక్ అనే క్లాసు ఉంది, ముఖ్యంగా దీనికోసమే. టెస్ట్‌లో కదలని గడియారం ఇచ్చి, యూటీసీ అర్ధరాత్రికి ఒక నిమిషం ముందు, ఒక నిమిషం తర్వాత అని రెండు టెస్టులు రాయండి.

కొత్త_లీడ్

గడియారం తిప్పి చూశాం, ప్రతిసారీ ఫెయిల్! రిపోర్ట్ క్లాసుకి క్లాక్ ఇచ్చేలా మార్చాం, రెండు టెస్టులూ రాశాం. మా సీనియర్ ఒకరు ఇదే పద్ధతిలో మిగతా చోట్ల సిస్టమ్ తేదీ వాడుతున్నవన్నీ వెతికితే నెలాఖరు బిల్లింగ్‌లో కూడా ఇదే దొరికింది, అది టెస్టుల్లో ఎప్పుడూ బయటపడలేదు. చాలా చాలా థాంక్స్ అండీ.

డేటాబేస్_దారి

టూల్స్ రోజులో డేటాబేస్‌కి ఒక గంట కేటాయించండి, బతిమాలుతున్నాను. ఓఆర్ఎమ్ (ఎస్‌క్యూఎల్ మనం రాయకుండా టేబుళ్లని ఆబ్జెక్టులుగా చూపే లైబ్రరీ) వాడే టీమ్‌ల్లో మొట్టమొదట చూడాల్సింది ఎన్ ప్లస్ వన్. వంద ఆర్డర్లు తెచ్చే క్వెరీ ఒకటి, తర్వాత ఒక్కో ఆర్డర్‌కి కస్టమర్ కోసం ఒక్కోటి చొప్పున ఇంకో వంద. ఒక్కొక్కటి చాలా వేగంగా ఉంటుంది కాబట్టి స్లో క్వెరీ లాగ్‌లో కనబడదు, పేజీ మాత్రం నత్తనడక నడుస్తుంది. వెళ్తున్న ఎస్‌క్యూఎల్ అంతా ప్రింట్ చేసే సెట్టింగ్ ఆన్ చేసి మీ అప్లికేషన్‌లో ఒక పేజీ తెరిచి చూపించండి. అంతకంటే గొప్ప పాఠం లేదు.

ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపే కమాండ్) నేర్పేటప్పుడు ఒక జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉత్తి ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్ మాత్రమే చూపిస్తుంది, ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ క్వెరీని నిజంగానే నడుపుతుంది. డిలీట్ ముందు ఎనలైజ్ పెడితే డిలీట్ అయిపోతుంది! అలాంటివి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, నడిపి, రోల్‌బ్యాక్ చేయండి. ఇంకోటి, పది వరసలున్న టేబుల్ మీద చూసిన ప్లాన్ దేనికీ పనికిరాదు. చిన్న టేబుల్‌కి ఇండెక్స్ ఉన్నా మొత్తం చదివేయడమే చవకని డేటాబేస్ అనుకుంటుంది, ప్రాక్టీసుకి పెద్ద డేటా ఉండాలి.

సభలు_సమావేశాలు

కాన్ఫరెన్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. టాక్‌లు వినడానికే అయితే టీమ్ మొత్తాన్ని తీసుకెళ్లకండి. పెద్ద కాన్ఫరెన్సుల్లో చాలావాటి వీడియోలు తర్వాత ఉచితంగా పెడతారు. వెళ్లినప్పుడే దొరికేది వేరే ఉంటుంది. పైకాన్ యూఎస్ (అమెరికాలో జరిగే పైథాన్ కాన్ఫరెన్స్) తీసుకోండి, టాక్‌ల రోజులు అయిపోయాక స్ప్రింట్లు ఉంటాయి, పైథాన్ ప్రాజెక్టుల్ని నడిపేవాళ్ల పక్కనే కూర్చుని వాళ్ల కోడ్ మీద పనిచేయొచ్చు, కొత్తవాళ్లకి మొదటి ప్యాచ్ పంపేదాకా చేయిపట్టి నడిపిస్తారు. బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఫాస్‌డెమ్ అనే ఓపెన్ సోర్స్ కాన్ఫరెన్స్‌కి ఎంట్రీ ఫీజు లేదు, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. అక్కడ ఒక్కో టెక్నాలజీకి విడివిడిగా గదులుంటాయి, మనం వాడే లైబ్రరీ రాసినవాళ్లే ఎదురుపడతారు. వెళ్తే ముందే ఒక ప్రశ్న సిద్ధం చేసుకుని, దాన్ని అడగాల్సిన మనిషిని వెతుక్కుంటూ వెళ్లండి. మీ టీమ్ అవసరం చూస్తే ఈసారికి మాత్రం కాన్ఫరెన్స్ కాదు.

సున్నా_నుంచి

ఏఐ వర్క్‌షాప్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నాకైతే రోజూ వాడే టూల్ అదే. అసిస్టెంట్‌ని అడిగితే డీబగ్గింగ్ కూడా చేసి పెడుతుంటే ఈ డీబగ్గర్లూ బైసెక్ట్లూ విడిగా నేర్చుకోవడం అవసరమా అని నిజాయితీగా అడుగుతున్నాను.

పాతకోడ్_ప్రేమి

అడగాల్సిన ప్రశ్నే. నేనూ రోజూ వాడతాను, వద్దనడం లేదు. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో ఒక ప్రయోగం చేసింది. 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లు, వాళ్లు ఏళ్ల తరబడి పనిచేస్తున్న సొంత రెపోలు, 246 నిజమైన పనులు. కొన్ని పనులకి ఏఐ వాడొచ్చు, కొన్నిటికి వాడకూడదు, ఏది ఎటన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఏఐ వాడిన పనులకి 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. అంతా అయ్యాక అడిగితే వాళ్లు మాత్రం ఏఐ వల్ల సుమారు 20 శాతం వేగంగా చేశామని చెప్పారు. ఇది బాగా తెలిసిన పెద్ద కోడ్ మీద, 2025 మొదట్లో ఉన్న టూల్స్‌తో వచ్చిన ఫలితం. అన్ని పనులకీ అందరికీ ఇంతే అని దీన్నిబట్టి అనకూడదు. నాకు ముఖ్యంగా తోచింది ఒకటే, వేగంగా వెళ్తున్నామన్న ఫీలింగ్‌ని నమ్మడానికి లేదు, కొలుచుకోవాలి.

మీ ప్రశ్నకి సూటిగా జవాబు: అసిస్టెంట్ ఇచ్చిన ఫిక్స్ సరైనదో కాదో తేల్చాల్సింది మీరు. పైన జరిగిన టైమ్ జోన్ బగ్‌నే తీసుకోండి. ఫెయిలైన టెస్ట్ ఒక్కటే చూపించి అడిగితే "రీట్రై పెట్టండి" అనే సలహా రావచ్చు, పెట్టుకుంటే టెస్ట్ పచ్చగా అవుతుంది కూడా, నెలాఖరు బిల్లింగ్‌లో బగ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. ఫెయిలైన గంటలు చూడాలని తట్టినవాళ్లకి ఆ గంటల లిస్ట్ ఇచ్చి అసిస్టెంట్‌ని అడిగితే అది కూడా బ్రహ్మాండంగా సాయం చేస్తుంది. డీబగ్గింగ్ వచ్చినవాళ్ల చేతిలో ఏఐ ఎక్కువ పనికొస్తుంది.

చూడటానికి సరిగ్గా ఉన్న కోడ్‌ని ఎంత జాగ్రత్తగా చదవాలో చెప్పడానికి ఒక పాత సంగతి. జావా స్టాండర్డ్ లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో (వరసగా ఉన్న లిస్ట్‌ని సగం సగం చేస్తూ వెతకడంలో) కింది ఇండెక్స్, పై ఇండెక్స్ కూడి రెండుతో భాగించేవాళ్లు. అందరం అలాగే నేర్చుకున్నాం. ఆ కూడిక జావా ఇంట్ పట్టగల 2,147,483,647 దాటితే మైనస్‌లోకి వెళ్లిపోతుందని, ఈ బగ్ ఏళ్ల తరబడి ఎవరికీ పట్టుబడకుండా ఉందని దాన్ని రాసిన జాషువా బ్లాకే 2006లో బయటపెట్టారు. మనుషులు రాసినా మెషీన్ రాసినా, "ఈ విలువ చాలా పెద్దదైతే? ఖాళీ అయితే? రెండుసార్లు వస్తే?" అని అడిగే అలవాటు మనదే అయ్యుండాలి.

ఒక జాగ్రత్త మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. అసిస్టెంట్ చెప్పిన ప్యాకేజీని వెంటనే ఇన్‌స్టాల్ చేయకండి. అసలు లేని ప్యాకేజీ పేర్లు కూడా అవి నమ్మకంగా చెబుతుంటాయి, అలాంటి పేర్లు చూసి ఎవరైనా చెడ్డ ఉద్దేశంతో అదే పేరుతో ప్యాకేజీ పెట్టే వీలుంది. రెపో ఎక్కడుంది, ఎప్పటినుంచి ఉంది, ఎవరు చూసుకుంటున్నారు, చూశాకే.

కొత్త_లీడ్

ఇవన్నీ చదివాక పోయిన నెల టికెట్లు తెరిచి చూశాను. పాతకోడ్ గారు చెప్పినట్టే, బాగా లాగిన వాటిలో ఎక్కువ బగ్ వెతకడమే. కొత్త ఫ్రేమ్‌వర్క్‌తో సంబంధం ఉన్నది ఒక్కటీ లేదు.

నిర్ణయం ఇది. మొదటి రోజు మా రెపో మీదే టూల్స్: ఉదయం డీబగ్గర్, మధ్యాహ్నం గిట్, చివర్లో డేటాబేస్. ఇద్దరు సీనియర్లూ నడపడానికి ఒప్పుకున్నారు, స్టిక్కీ నోట్లు కూడా పెడతాం. పాత బగ్గులు కొన్ని ఫిక్స్‌కి ముందు కమిట్ దగ్గర బ్రాంచ్‌లుగా తెరిచి ఉంచుతాం, జంటలు వాటిని వెతికి పట్టుకోవాలి, అసిస్టెంట్ వాడుకోవచ్చు కానీ కారణం సొంత మాటల్లో చెప్పగలగాలి. రెండో రోజు కోడ్ రిట్రీట్, బయటి నుంచి నడిపేవాళ్లని పిలుస్తున్నాం. ఆ తర్వాత వారానికి ఒక గంట, ఆ వారం దొరికిన బగ్ ఒకటి అందరం కలిసి చూడటానికి క్యాలెండర్‌లో పెట్టేశాను.

రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. మేం బేసి సంఖ్యలో ఉన్నాం, జంటలకి ఒకరు మిగులుతారు. ఇంకా, మాలో సగం మంది జావా, సగం పైథాన్. ఏ భాష పెట్టాలి?

టెస్ట్_ముందు

ఒక గుంపులో ముగ్గుర్ని పెట్టండి, ఐదు నిమిషాలకోసారి కీబోర్డ్ చేతులు మారుతూ ఉండాలి. ప్రతి విడతకీ ఆ ముగ్గురూ మారాలి, ఒకే మనిషి రోజంతా మూడో మనిషిగా ఉండకూడదు. నడిపేవాళ్లని మాత్రం జంటలో కూర్చోబెట్టకండి, వాళ్లు గదంతా తిరుగుతుండాలి.

భాష జంట ఇష్టం. జావా మనిషి, పైథాన్ మనిషి కలిసి కూర్చుంటే ఒక విడత ఇది, ఒక విడత అది. రాని భాషలో కీబోర్డ్ పట్టుకున్నవాళ్లకి స్ట్రాంగ్ స్టైల్ బాగా కుదురుతుంది.

ముఖ్యమైన పని ముందు రోజు చేయండి. రెండు భాషలకీ ఖాళీ ప్రాజెక్ట్ ఒక్కోటి తయారుచేసి, అందులో కావాలని ఫెయిలయ్యే టెస్ట్ ఒకటి పెట్టి, ప్రతి ఒక్కరి ల్యాప్‌టాప్‌లో అది నడిచి ఎర్రగా కనిపించేదాకా వదలకండి. టెస్టులకి జావాలో జేయూనిట్, పైథాన్‌లో పైటెస్ట్ చాలు, వేరే లైబ్రరీలు వద్దు. ఇది చేయకపోతే మొదటి 45 నిమిషాలూ ఇన్‌స్టాలేషన్‌కే పోతాయి.

కొత్త_లీడ్

ఖాళీ ప్రాజెక్టులు రెండూ ఇవాళ సాయంత్రమే రెపోలో పెడతాను. అందరికీ ధన్యవాదాలు. వారం వారం చూసే బగ్గుల్లో బాగున్నవి ఇక్కడే రాస్తాను.